ఒడిగింజలు

మా ఆయన అన్నం నిలబడి తినేవాడు. పెళ్ళయిన కొత్తలో నాకది వింతగా ఉండేది. రొళ్ల ఊరి దగ్గర మా పుట్టింట్లో మగవాళ్ళు పీట వేసుకుని, కాళ్ళు మడిచి, నింపాదిగా సంగటి తినేవాళ్ళు. ఈయన అన్నం తట్ట చేత్తో పట్టుకుని వాకిట్లోకి వచ్చి, ఆకాశం చూస్తూ, ఎద్దులను చూస్తూ, దారిన పోయేవాళ్ళను పలకరిస్తూ తినేవాడు.

"కూచోని తినయ్యా, లోకం యాడికి పోతాది?" అంటే, "కూచుంటే ముద్ద దిగదు మే" అనేవాడు.

ఆయన పేరు తిమ్మరాజు. రాయడానికి చెయ్యి వెనకాడుతోంది. ఆయన బతికున్నప్పుడు ఒక్కసారి కూడా ఆ పేరు నా నోటితో పలకలేదు. కనగానపల్లి చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం ఆయన్ను మందు తిమ్మరాజు అనేవాళ్ళు. తెలియనివాళ్ళు తాగుబోతేమో అనుకునేవాళ్ళు. ఆయన జన్మలో సారా ముట్టలేదు. ఆ మందు విత్తనాలకు పట్టించే మందు.

చిన్నప్పుడు వాళ్ళ నాయన ఆయన్ను ధర్మవరంలో పట్టుచీరల మగ్గం దగ్గర పనికి పెట్టాడట. మగ్గం గుంతలో కాళ్ళు దించుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకేచోట కూర్చోవాలి. ఈయన నీళ్ళని లేచేవాడు, ఎండ చూసొస్తానని లేచేవాడు, వీధిలో బండి పోతే లేచేవాడు. లేచిన ప్రతిసారీ ఎక్కడో ఒక పోగు తెగేది. చివరికి మగ్గం యజమాని, "నీ కాళ్ళల్లో చీమలుండాయి రా అబ్బా. పట్టుకు ఓపిక కావాల. నువ్వు పోయి గొర్రెలు కాసుకో" అని పంపేశాడట. ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. చెప్పేటప్పుడు కూడా ఒక కాలు ఆడుతూనే ఉండేది.

గొర్రెలు కాయలేదు. ఉన్న కొద్దిపాటి ఎర్రనేలలో శెనక్కాయ పెట్టుకుని బతికాడు. నేను ఆ ఇంటికి వచ్చిన మూడో ఏట మాకొక బిడ్డ పుట్టి, నెల తిరక్కుండానే పోయింది. తర్వాత కడుపు నిలవలేదు. హిందూపురంలో చూపించుకున్నాం, అయినా అంతే. ఆయన ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మా ఇంట్లో మాటలు తక్కువ, అడుగుల చప్పుడు ఎక్కువ.

తొంభై ఆరులో వేరుపురుగు వచ్చింది. ఆ ఏడు వాన బాగా పడి, విత్తనం కూడా బాగా మొలిచింది. మొలిచిన కొన్నాళ్ళకు చేనులో అక్కడక్కడా మచ్చలు పడ్డాయి. పొద్దున పచ్చగా ఉన్న మొలక మధ్యాహ్నానికి తల వాల్చేది. పట్టుకుంటే వేరు లేకుండా చేతికి వచ్చేది. కింద మట్టి తవ్వి చూస్తే తెల్లటి పురుగు, ఎర్రటి తల, నెలవంకలా ముడుచుకుని పడుకుని ఉండేది. ఆయన తెల్లవారకముందే చేలోకి పోయి, పుల్లతో తవ్వి, పురుగులు డబ్బాలో ఏరేవాడు. ఈ మూల ఏరేలోపల ఆ మూల మొక్కలు వాడేవి. ఆ మూలకు ఉరికితే ఈ మూల. కోళ్ళకు మాత్రం పండుగ. మా చేతికి ఆ ఏడు మేత కూడా సరిగ్గా రాలేదు.

అప్పుడే వ్యవసాయ ఆఫీసరు ఊళ్ళో మీటింగు పెట్టి, పైరు మొలిచాక పైన మందు కొట్టి లాభం లేదు, పురుగు మట్టి కింద ఉంటుంది, విత్తనానికే మందు పట్టించి వేసుకోండి అని చెప్పాడు. ఆ మందు పేరు క్లోరిపైరిఫాస్. మా ఊళ్ళో ఎవరికీ నోరు తిరగలేదు. వేరుపురుగు మందు అనేశాం. మిగతావాళ్ళు విని ఇండ్లకు పోయారు. మా ఆయన ఆ ఆఫీసరు బండి వెంబడి ఊరి బయటిదాకా నడిచిపోయి, అడిగిందే అడిగి, ఇంటికొచ్చి నాతో అన్నాడు.

"టీకా మాదిరే మే. పుట్టకముందే టీకా. గింజ భూమిలోకి పొయ్యేటప్పుడే దాని మందు దానికి తోడు పోతాది. పురుగు వచ్చి కొరికితే అదే చస్తాది."

ఆ మాట అన్నాక ఆయన ఎందుకో నా ముఖం చూడకుండా ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి పోయాడు.

తర్వాత ధర్మవరంలో వెల్డింగు షాపులో పాత ఆయిలు డ్రమ్ము ఒకటి తీసుకుని, దాని నడిమధ్య ఇనుప గొట్టం దూర్పించి, పక్కన చిన్న తలుపు, చివర తిప్పే పిడి పెట్టించాడు. రెండు కొయ్యల మీద నిలబెడితే గిర్రున తిరిగేది. కానీ గిర్రున తిప్పకూడదు. శెనక్కాయ విత్తు మీద ఎర్రటి పొట్టు ఉల్లిపొరకన్నా పల్చగా ఉంటుంది. గట్టిగా తిప్పితే పొట్టు లేస్తుంది, పొట్టు లేచిన గింజ కుళ్ళిపోతుంది. ఉయ్యాల ఊపినట్టు మెల్లగా తిప్పాలి. జన్మలో ఒకచోట నిలవని మనిషి ఆ డ్రమ్ము దగ్గర నిలబడేవాడు. పిడి పట్టుకుని, చెవి డ్రమ్ముకు ఆనించి, లోపల గింజలు జారే చప్పుడు వింటూ తిప్పేవాడు. ఆ సమయంలో ఆయన కాలు ఆడేది కాదు. నేను వంటింటి గడపలో నిలబడి చూసేదాన్ని. ఆయనను తీరిగ్గా చూడడానికి నాకు దొరికిన సమయం అదొక్కటే.

మరుసటి ఏడు మా చేను నిలబడింది. గట్టుకు అవతలివాళ్ళ చేలల్లో మచ్చలు పడ్డాయి. అప్పుడిక అందరూ వచ్చారు. తొంభై ఎనిమిది వానలకు ఊరంతా, పక్క పల్లెలు కూడా, డ్రమ్ము కోసం మా ఇంటి ముందు నిలబడ్డాయి.

ఇక్కడ మా పక్క ఆచారం ఒకటి చెప్పాలి. శెనక్కాయ విత్తేటప్పుడు మగవాడు గొర్రు తోలుతాడు, ఆడవాళ్ళు వెనక నడుస్తూ గొర్రుకున్న జడ్డిగంలో, అంటే విత్తనం జారే కొయ్యగిన్నెలో, గింజలు పోస్తారు. ఆ పోసే చేతిలోనే ఉంటుంది పంట. ఒత్తుగా పడకూడదు, పలచన కాకూడదు. విత్తడం అయిపోయాక సంచిలో ఎంతో కొంత మిగులుతుంది. పొలానికి పోయిన విత్తనం మళ్ళీ గడప తొక్కకూడదంటారు. ఆ మిగిలినది విత్తిన ఆడవాళ్ళ ఒడిలో పోస్తారు. వాటినే ఒడిగింజలంటాం. ఇంటికి తీసుకుపోయి వేయించి పిల్లలకు పెడతారు. కడుపుతో ఉన్నవాళ్ళకు పెడితే ఇంకా మంచిదని నమ్మకం. భూమి కడుపు నింపిన చేతుల్లోంచి వచ్చిన గింజలు కదా.

మా చిన్న చేనులో మిగిలేది ఏమీ ఉండేది కాదు. అందుకే మా ఆయనకు ఈ సంగతి తట్టలేదు.

ఆ ఏడు మొదటి వానకు రామాంజనేయులు గారి విత్తనానికి మందు పట్టించాడు. వాళ్ళు ఊళ్ళో తాతల కాలం నుంచి భూమి ఉన్నవాళ్ళు. మందు పట్టించి, నీడలో ఆరబెట్టించి, ధర్మవరానికి ఇంకా మందు తేవడానికి పోతూ పోతూ గుమ్మంలో నిలబడి చెప్పాడట. "మిగిల్తే గుంత తీసి పూడ్చేయన్నా. ఎవురూ ముట్టకూడదు." రామాంజనేయులు సరే అన్నాడు. కానీ వాన పదును పోతుందని ఆయన రెండో గొర్రు కట్టించుకుని ఇంకో పొలానికి పోయాడు. ఈ పొలం గట్టున ఆయన తల్లి రామక్కవ్వ కూర్చుంది. ఆమెకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. విత్తడం అయిపోయింది. సంచి అడుగున గింజలు మిగిలాయి. అవ్వ ఎప్పటిలాగే ముగ్గురు ఆడవాళ్ళనూ పిలిచి ఒడి పట్టమంది.

మా ఆయన మధ్యాహ్నానికి ధర్మవరం నుంచి వచ్చి, వాకిట్లో నిలబడి అన్నం తింటున్నాడు. రామాంజనేయులు దారిన పోతూ కేక వేశాడు.

"తిమ్మరాజూ, గుంత తీసే పని తప్పింది లేప్పా. ఏమీ మిగల్లేదు. అమ్మ ఒడిగింజలు పోసేసిందంట."

ఆయన తట్ట గోడ మీద పెట్టాడు. చెయ్యి కూడా కడగలేదు, పంచెకు తుడుచుకున్నాడు. మోపెడ్ స్టాండు తీస్తూ నన్ను కేకేశాడు.

"రా మే, ఎక్కు."

"యాడికి?"

"ఆడోళ్ళ పొయ్యిల కాడికి నేనొక్కన్నే ఎట్ల పోదును? ఎక్కు అంటాంటే!"

విత్తినవాళ్ళు బాలనాగమ్మ, మేరీ, అంజినమ్మ. ముందు బాలనాగమ్మ ఇంటికి పోయాం. ఊళ్ళో విత్తే ఆడవాళ్ళకు ఆమే పెద్ద. ఆమె వాకిట్లో చేటలో గింజలు పరిచి ఎండబెట్టింది. తడి ఆరి ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. పొయ్యి మీద పెనం పెట్టి ఉంది.

"అక్కా, తినినారా?" అని ఆయన బండి దిగకుండానే అరిచాడు.

"ఏందన్నా ఆ ఉరుకు? ఇంకా లేదు. మూడు నీళ్ళు పోసి కడిగినా. వాసన కూడా పోయింది చూడు."

"వాసన పోతే మందు పోయినట్ల కాదు తల్లీ. అది లోపలికి ఇంకింటాది. కడిగినా పోదు, వేయించినా పోదు. ఇట్లియ్యి."

బాలనాగమ్మ చేట ఇవ్వలేదు. చంకలో పెట్టుకుని నిలబడింది. ఎండకు కమిలిన ఆమె ముఖం ఇంకా నల్లబడింది.

"ఒక మాట చెప్పు తిమ్మరాజన్నా. పొద్దున్నించీ ఈ చేతుల్తోనే గదా ఏసినాం. చేతికి అంటినప్పుడు లేని విషం నోటి కాడికొచ్చేటప్పటికి వచ్చిందా?"

మా ఆయన ఆమె చేతుల వైపు చూశాడు. నేనే ముందుకు పోయి, "వదినా, నా మాట విని ఇవ్వు" అన్నాను. నేను మాట్లాడడమే ఆమెకు ఆశ్చర్యమయ్యిందో ఏమో, చేట నా చేతికిచ్చింది. ఆ గింజలను సంచిలో పోసుకుని మూతి గట్టిగా కట్టాను. వెనక నుంచి బాలనాగమ్మ, "మాకు రాసిపెట్టినేది గూడా మందు వేసి ఎత్తుకపోతారు" అని గొణుగుతోంది.

రెండు ఇండ్ల అవతల మేరీ ఇల్లు. వీధి మలుపు తిరగకముందే ఏడుపు వినిపించింది. మేరీ వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ముందు రెండు కోళ్ళు పడి ఉన్నాయి. ఒకటి ఇంకా రెక్క కొట్టుకుంటోంది. గింజలు ఆరబెట్టి ఆమె నీళ్ళకు పోయిందట. వచ్చేసరికి కోళ్ళు ఏరుకుని తినేశాయి.

"ఎవురు మందు పెట్టినారో వదినా నా కోళ్ళకు! దేవుడు చూస్తాండాడు!"

"నేనే మేరీ" అన్నాడు మా ఆయన. "నా మందే అది. పిల్లోళ్ళు తిన్నారా? నిజం చెప్పు."

"వాళ్ళు బడిలో ఉండారన్నా." ఆమె కన్నీళ్ళు ఆగిపోయి, కళ్ళలో భయం వచ్చింది. చచ్చిన కోళ్ళ వైపు, మా చేతిలోని సంచి వైపు చూసింది. "అంజినమ్మత్త యాడుండాదో తెలుసా మీకు? చేలో నుంచే అట్లే బస్సెక్కింది. కూతురు ప్రేమలతకు ఏడో నెల గదా. ఒడిగింజలు వేయించి పెడతానని పెనుకొండకు పోయింది."

ఆ తర్వాత ఆయన ఎట్లా బండి తోలాడో నేను చెప్పలేను. గతుకులు చూడలేదు, హైవే మీద లారీలు చూడలేదు. గాలికి నా కొంగు చక్రంలో పడబోతే ఒక చేత్తో పట్టుకున్నాను, ఇంకో చేత్తో ఆయన చొక్కా. వెనకకు తిరక్కుండానే మాట్లాడుతున్నాడు. నాతోనో, తనతోనో తెలియదు. "అవ్వకు చెప్పాల్సింది. ఆమెకొక్క మాట చెప్పింటే అయిపోయేది. మగోనికి చెప్పి పోతే ఏం లాభం? మిగిలింది పంచేది ఆడోళ్ళు గదా." మళ్ళీ కాసేపటికి, "ఏడో నెల మే. ఏడో నెల."

ఆ పిల్లను నేను చూసింది పెళ్ళిలో ఒక్కసారే.

పెనుకొండలో రైల్వే గేటు అవతల ప్రేమలత ఇల్లు. మేము పోయేసరికి గేటు పడింది. గూడ్సు బండి, తోక కనిపించనంత పొడుగు. ఆయన బండి స్టాండు వేసి అటూ ఇటూ నడిచాడు. గేటు కింద నుంచి దూరబోతే నేను చొక్కా పట్టుకుని లాగాను. గేటుమాను అరిచాడు.

"ఏమప్పా, బతకాలని లేదా? నిమిషం ఆగలేవా?"

"ఆగేదానికి నాకెవురూ నేర్పలేదన్నా" అన్నాడు ఈయన. గూడ్సు డబ్బాల చప్పుడు మధ్య ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. దేవుడిని తలచుకుంటున్నాడనుకున్నాను. దగ్గరకు పోతే డబ్బాలు లెక్కపెడుతున్నాడు.

గేటు లేచాక రెండో సందులో ఇల్లు. అంజినమ్మ అరుగు మీద ఒక్కతే కూర్చుని ఉంది. ముఖం కందగడ్డలా ఉంది, కోపంతో. ఒళ్ళో కొంగుమూట, పక్కన తట్టలో వేయించిన గింజలు. నోరు ఆడుతోంది.

"ప్రేమలత తినిందా?" అని ఆయన బండి కింద పడేసి అడిగాడు.

"తింటాదా అది? తినదు! అమ్మ అంత దూరం నుంచి ఒడిగింజలు తెస్తే, కిరసనాయిలు కంపు కొడతాండాయి, నా కడుపులో తిప్పుతాంది, అవతల పారెయ్ అనింది నాయనా. ఒడిగింజల్ని పారెయ్యమనింది! టౌన్లో చేరినాక ముక్కులు పెరిగినాయి. అది తినకుంటే పోనీ, నేనే తింటాండా. ఏం, నా నోరు నోరు కాదా?"

ఆయన ఆమె చేతిలో నుంచి గింజలు లాగి పారేశాడు. "ఉమ్మెయ్ అక్కా! నోట్లో ఉండేది ఉమ్మెయ్!"

లోపల నుంచి ప్రేమలత నిండు కడుపుతో, గుమ్మం పట్టుకుని బయటికి వచ్చింది. ఆ పిల్లకు ఏమీ కాలేదు. నేను ఆ పిల్ల వైపే చూస్తున్నాను కాబట్టి అంజినమ్మను చూడలేదు. ప్రేమలతే, "అమ్మా, ఏందట్ల చెమటలు పోస్తాండాయి నీకు?" అంది. అప్పుడు చూశాను. అంజినమ్మ నోటి నుంచి చొంగ కారుతోంది. కళ్ళు నీళ్ళు పెడుతున్నాయి. "ఎండకేమో" అంటూ లేవబోయి కూలబడింది.

ఆమెను ఆటోలో వేసుకుని ఒక డాక్టరు దగ్గరకు పోయాం. డాక్టరు ఏం తిన్నదని అడిగాడు. అందరం ఒకేసారి మాట్లాడాం. ఏ మందు అని అడిగాడు. మా ఆయన తన సంచిలో నుంచి ఖాళీ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. ఎక్కడికి పోయినా ఆ డబ్బా ఆయన దగ్గర ఉండేది, అంగట్లో అదే మందు ఇమ్మని చూపించడానికి. డాక్టరు డబ్బా మీది చీటీ చదివి, వెంటనే సూది వేశాడు. కొంచెమే తినింది కాబట్టి సరిపోయింది, కనిపెట్టుకుని ఉండాలి అన్నాడు.

మా ఆయన వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూనే ఉన్నాడు. నర్సు రెండుసార్లు కూర్చోమంది. ఒకసారి కూర్చున్నాడు. కూర్చోగానే చేతులు చూసుకున్నాడు, తిప్పి తిప్పి చూసుకున్నాడు, మళ్ళీ లేచాడు. బాలనాగమ్మ మాట ఆయనను తింటోందని నాకు తెలుసు.

తెల్లవారి అంజినమ్మ కళ్ళు తెరిచి, నోరు ఎండిపోయిందని నీళ్ళడిగి, కూతురి కడుపు మీద చెయ్యి వేసి అంది.

"పుట్టినప్పట్నించీ నా మాట ఒక్కటీ వినలేదే నువ్వు. ఈసారి వినకుండా మేలు చేసినావు."

మేమంతా నవ్వాం. మా ఆయన నవ్వలేదు. అంజినమ్మ కాళ్ళ దగ్గర తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

ప్రేమలతకు ఆడపిల్ల పుట్టింది. ఐశ్వర్య అని పేరు పెట్టారు.

మరుసటి ఏడు వానలు పడగానే ఆయన ఒక పట్టు పట్టాడు. ఎవరి విత్తనానికైనా సరే, డ్రమ్ములో పోయకముందే ఒడిగింజలు తీసి తెల్లగుడ్డలో కట్టి, పసుపు పెట్టి పక్కన ఉంచాలి. విత్తడం మొదలుపెట్టకముందే ఆడవాళ్ళ ఒడిలో పోయాలి. మందు పట్టించిన గింజ ఒక్కటి మిగిలినా ఇంటికి పోకూడదు, గట్టు పొడుగునా ఒత్తుగా విత్తేయాలి. అది ఒప్పుకోనివాళ్ళ విత్తనం ముట్టనన్నాడు.

రామక్కవ్వ మండిపడింది. గట్టు మీద చేతికర్ర ఆనించుకుని నిలబడి, "ఏమిరా తిమ్మరాజూ, భూమికి పొయ్యకముందే ఒడి నింపేది యాడన్నా ఉండాదా? ముందు తల్లికి, ఆనక బిడ్డలకు. మా అత్త కాలం నుంచి ఇంతే. నువ్వొచ్చి తిరగేస్తావా?" అంది.

ఆయనకు ఎదురు చెప్పే ధైర్యం లేదు. అవ్వ గింజలు పోసింది తెలియక కానీ కావాలని కాదు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి ఆమె అంజినమ్మను చూసినప్పుడల్లా కళ్ళు దించుకునేది. అయినా ఆచారం ఆచారమే. ఎద్దులు కాడి కింద నిలబడి ఉన్నాయి, వాన పదును పోతోంది. ఎవరూ కదల్లేదు.

బాలనాగమ్మే నోరు తెరిచింది. "అవ్వా, ఆవుకు మేతేసి గదా పాలు పిండుకుంటాం. ముందు మాకు పెడితే భూమితల్లి అలుగుతాదా? అలిగితే నేనే మాట్లాడుకుంటా లే. యాభై ఏండ్లుగా ఆమె ముఖం చూస్తాండా, నాకు తెలీదా ఆమె సంగతి? పట్టు మే మేరీ, ఒడి పట్టు."

మేరీ ఒడి పట్టింది. "మా దేవుడు కూడా ఏమనడు లేవ్వా" అంది. అవ్వ కాసేపు కర్రతో మట్టి గీకింది. చివరికి తానే తెల్లగుడ్డ ముడి విప్పి, మొదటి దోసిలి అంజినమ్మ ఒళ్ళో పోసింది. అంజినమ్మ అక్కడే రెండు పచ్చిగింజలు నోట్లో వేసుకుని, నములుతూ, "ఈ తూరి బాగుండాయి" అంది. అవ్వ తల తిప్పుకుంది కానీ నవ్వు దాచలేకపోయింది.

అట్లా ఆచారం తిరగబడింది. కానీ చేతుల సంగతి ఆయనకు తెగలేదు. ధర్మవరం నుంచి రబ్బరు తొడుగులు తెచ్చాడు. విత్తే ఆడవాళ్ళు వేసుకుని చూసి, "గింజ తెలీడం లేదన్నా, గుడ్డోళ్ళ మాదిరి ఏస్తాండాం" అని తీసి గట్టున పెట్టారు. పాలిథిన్ కవర్లు కట్టించాడు, చెమటకు జారిపోయాయి. చివరికి గట్టు మీద నీళ్ళ కడవ, సబ్బు పెట్టి, చేతులు కడగకుండా ఎవరూ సద్ది విప్పకుండా కాపలా కాసేవాడు. "సద్ది కాడ పోలీసోడు" అని వెక్కిరించేవాళ్ళు. నవ్వేవాడు. ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం, "అది సాలదు మే, సబ్బు సాలదు" అనేవాడు. తొడుగు వేసుకున్నా గింజ తెలిసే దారి ఏదన్నా ఉందేమోనని బతికినన్నాళ్ళు వెతికాడు. పాత పంచె చింపి చేతిసంచులు కుట్టించాడు, నా చేతనే. అవీ నిలవలేదు.

రెండువేల ఆరులో, విత్తనాల కాలం కాదు, ఎండాకాలం, చేలో కంప కొడుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడట. కూర్చున్నాడంటేనే నాకు భయం వేసింది, చెప్పడానికి వచ్చినవాళ్ళ మాట ఇంకా పూర్తి కాకముందే. నేను పోయేసరికి అయిపోయింది. అన్నేళ్ళు ఆ మందు ముట్టినందుకే అన్నారు కొందరు. డాక్టరు అట్లా చెప్పలేదు. నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

ఆ ఏడు మొదటి వాన పడింది. అప్పటికి ఊళ్ళో ఇంకో ఇద్దరు డ్రమ్ములు చేయించుకున్నారు. మా డ్రమ్ము గోడ పక్కన బోర్లించి ఉంది. నేను పొయ్యి దగ్గర కూర్చోవాలని చూశాను, కూర్చోలేకపోయాను. బియ్యం ఏరబోతే కళ్ళు నిలవలేదు. అన్నం తట్టలో పెట్టుకుంటే ముద్ద దిగలేదు. తట్ట చేత్తో పట్టుకుని వాకిట్లోకి వచ్చాను.

అప్పుడు వినిపించింది, వెనక సందులో డ్రమ్ము తిరిగే చప్పుడు. గిర్రున, గడగడమని. ఆయన చేతి చప్పుడు కాదది.

తట్ట గోడ మీద పెట్టి నడిచాను. నాగరాజు అనే అతను తిప్పుతున్నాడు. ఆ పక్కనే విత్తడానికి వచ్చిన ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, వాళ్ళలో కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరు. తెల్లగుడ్డ కోసం చుట్టూ చూశాను. కనబడలేదు.

"నాగరాజూ, ఒడిగింజలు తీసినారా?"

"ఏమొదినా, నువ్వొచ్చినావా? తీద్దాం లే, తొందరేముండాది? ఆనక మూటలో మిగిల్తే..."

నేను పోయి డ్రమ్ము పిడి మీద చెయ్యి వేశాను. తిరుగుతున్న పిడి మణికట్టుకు తగిలి ఆగింది. నాగరాజు నోరు తెరిచి చూశాడు. ఒకరి చేతిపనిని ఆపిన మనిషిని కాదు నేను.

"మందు పోసేసినా గదా వదినా. ఇంగేం చేద్దును?"

"ఇంట్లో ఇంకో మూట ఉంటాది. దాంట్లో నుంచి తియ్యి. తెల్లగుడ్డ తే. నేను ఉంటా."

అతను గొణుక్కుంటూ లోపలికి పోయాడు. కొత్తగా వచ్చిన ఆడవాళ్ళలో ఒకామె నా వైపు చూసి, "కూచో అక్కా, అట్ల నిలబడ్నావే" అని అరుగు చూపించింది.

నేను కూర్చోలేదు. గింజలు వచ్చి, గుడ్డలో పోసి, పసుపు పెట్టి, ముడి వేసేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాత ఇంకో డ్రమ్ము ఉన్న వీధి వైపు నడిచాను.